కొలత కుర్చీ, ఇద్దరు వియ్యపురాళ్ళు

శుద్ధ తదియ, పొద్దుటి పోటు

కుర్చీ వచ్చింది. ఒడ్డున ఉన్న మెట్ట ఆఫీసు వాళ్ల పడవలో, చాపల్లో చుట్టి, పైన 'జాగ్రత్త' అని రాసి మరీ పంపారు. రేవులో నలుగురు పడితే గానీ కదల్లేదు. కీళ్ల నొప్పుల వాళ్లు ఎలా లేస్తున్నారో కొలిచే కుర్చీని లేపడానికే నలుగురు కావాల్సి వచ్చారని బుట్ట నడిపే లోవరాజు ఒకటే నవ్వు.

నేను నిలువూరి కీళ్ల కొలతరిని. పేరు సత్యవేణి అయినా అందరికీ కొలతమ్మనే. ఇన్నాళ్లూ నా ఉద్యోగం హాయిగా సాగింది. మోకాళ్లు పట్టేసిన వాళ్ల ఇంటికి వెళ్లడం, వాళ్లిచ్చిన కాఫీ తాగడం, వాళ్లు లేవడం, కూర్చోవడం, నాలుగు మెట్లు ఎక్కడం చూడడం, బుట్ట చీటీ ఇవ్వాలో వద్దో చెప్పడం. కళ్లతో చూసింది లెక్కలోకి రాదని మెట్ట వాళ్లకి ఇప్పుడు తోచింది. అందుకని కుర్చీ.

బుట్ట అంటే మా లిఫ్టు. సముద్రంలో స్తంభాల మీద అంతస్తులుగా లేచిన ఇంత నిలువు ఊరికి ఉన్నది అదొక్కటే. సముద్రం పోటు మీదున్నప్పుడూ పాటు తీసినప్పుడూ కింద చక్రం తిరుగుతుంది, ఆ బలంతో బుట్ట నడుస్తుంది. పున్నమికీ అమావాస్యకీ దర్జాగా తిరుగుతుంది. అష్టమి వచ్చిందంటే దానికి నీరసం. కాబట్టి చీటీ ఉన్న వాళ్లే ఎక్కాలి, మిగతా వాళ్లకి మెట్లు. కుర్చీ ఎక్కువ లెక్క వేసిందంటే కాళ్లు బాగున్నట్టు, చీటీ రద్దు. తక్కువ వేస్తే చీటీ ఉంటుంది.

ఈ దినచర్య కూడా మెట్ట వాళ్ల నియమమే. కుర్చీ వచ్చిన ఊళ్ళో జరిగింది జరిగినట్టు రోజూ రాయాలట. చదివే మహానుభావులెవరో గానీ వారికి నమస్కారం. మీ మోకాళ్లు చల్లగా ఉండాలి.

కుర్చీ వెంట మెట్లెక్కుతుంటే నా ఎడమ మోకాలు టక్కుమంది. కొత్త చెప్పులు. అలవాటు పడితే సర్దుకుంటుంది.

చవితి, మధ్యాహ్నం

కుర్చీని నడిమి అంతస్తు సావడిలో పెట్టాం. దానికి తోడు ఒక చాప కూడా వచ్చింది, నేల మీద కూర్చునే వాళ్ల కోసం. అదీ కొలుస్తుంది. రెండింటికీ మాటలొచ్చు. అచ్చం వార్తలు చదివే వాళ్ల తెలుగు.

"దయచేసి చేతులు రెండూ కట్టుకొని, ఎవరి సాయమూ లేకుండా నిలబడండి. కూర్చోండి. ఆపమనే వరకు ఆపవద్దు."

తొలి కొలతకి గవర్రాజు దొరికాడు. రేవులో తెడ్లు చెక్కుతాడు. నోరు పెద్దది, వాచిన మోకాళ్లు ఇంకా పెద్దవి. వెంట భార్య నూకాలు వచ్చింది. కుర్చీ "నిలబడండి" అనగానే గవర్రాజు అలవాటు ప్రకారం చెయ్యి చాచాడు. నూకాలు అలవాటు ప్రకారం "లెగు మరి, తెల్లారిపోయింది" అంటూ లాగింది.

"చేయూత తీసుకున్నారు. లెక్క సున్నా," అంది కుర్చీ.

"సున్నా ఏంటి? నేను లెగలేదా? ఇంత మనిషిని ఇక్కడ నిలబడితే దీనికి కనపడతం లేదా?" అని గవర్రాజు కుర్చీ చుట్టూ తిరిగి దాని ముఖం ఎక్కడుందోనని వెతికాడు.

మళ్లీ కూర్చోబెట్టాను. మళ్లీ నూకాలు చెయ్యి. నూకాల్ని గుమ్మం బయట నిలబెట్టాను. లోపల్నుంచి గవర్రాజు "ఏమే" అన్నాడు, ఆవిడ లోపలికి వచ్చేసింది. సున్నా. "ఆయన 'ఏమే' అంటే నా కాళ్లు ఆగవు కొలతమ్మా, నన్నేం చెయ్యమంటావు" అంది నూకాలు. నేనూ పెన్ను పక్కన పెట్టేశాను.

సాయంత్రానికల్లా ఊరంతా ఆయన్ని సున్నా గవర్రాజు అంటోంది.

పంచమి, పొద్దుటి పోటు

ఒక్కొక్కరినీ పిలిస్తే నెల పడుతుందని అందరినీ ఒకేసారి సావడికి రమ్మన్నాను. ఇంతకంటే తెలివితక్కువ పని ఈ మధ్య చేసినట్టు గుర్తులేదు.

కొలతకి రమ్మంటే పెళ్లివారిలా దిగారు. జరీ అంచు చీరలు, ఇస్త్రీ లాల్చీలు, గంధం వాసన. నిన్నటిదాకా "అమ్మా, అబ్బా" అనకుండా గడప దాటని వాళ్లు ఇవాళ నిటారుగా నడిచి వచ్చారు. సావడి గుమ్మం బయట చెప్పులు విడిచారు సరే, చెప్పుల పక్కనే చేతికర్రలు కూడా విడిచి వచ్చారు. సున్నా గవర్రాజు కథ విన్నాక ఎవరికీ సున్నా అక్కర్లేదు.

ముందు వరుసలో ఇద్దరు వియ్యపురాళ్ళు. వరహాలమ్మది పై అంతస్తు. రేవులో వలలు బాగుచేస్తుంది. ఆవిడ మోకాళ్ల సంగతి నాకు తెలుసు. పొద్దున్నే మంచం దిగాలంటే గోడకి కట్టిన తాడు పట్టుకోవాలి. సీతారత్నం ఇల్లు ఈ సావడి పక్కనే. ఆవిడ తుంటి కీలు కూడా అంతంతమాత్రం. వరహాలమ్మ కొడుక్కి సీతారత్నం కూతుర్నిచ్చారు. ఆ పిల్లలిద్దరూ నాచు కోతకి పడవ మీద పోయారు, పున్నమి వెళ్లాక గానీ రారు.

వరహాలమ్మ కుర్చీలో కూర్చుంది. కుర్చీ చేతులు కట్టుకోమంది.

"చేతులు కట్టుకోవాలా?" అని వరహాలమ్మ నా వైపు తిరిగింది. "అబ్బాయి తల్లినమ్మా నేను. అమ్మాయి తల్లి ముందు చేతులు కట్టుకుని నిలబడమంటావా? నలుగురూ ఏవనుకుంటారు?"

"పర్లేదు వదినగారూ, నేను అటు తిరుగుతాన్లెండి," అంది సీతారత్నం, ఎటూ తిరగకుండా.

చివరికి అరచేతులు రెండూ గుండె మీద పెట్టుకోవచ్చని రాజీ కుదిర్చాను. కుర్చీ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది.

అసలు భాగవతం అప్పుడు మొదలైంది. వరహాలమ్మ లేచింది. అబ్బాయి తల్లి నిలబడితే అమ్మాయి తల్లి కూర్చుని ఉండొచ్చా? బల్ల మీంచి సీతారత్నమూ లేచింది. ఆవిడ కూర్చుంటే ఈవిడా కూర్చుంది. మళ్లీ ఆవిడ లేచింది, ఈవిడా లేచింది.

"మీరు కూకోండి వదినగారూ!"

"అయ్యో, మీరు నిలబడితే నేనెలా కూకుంటానండీ!"

ఒకరిని చూసి ఒకరు నవ్వులు. ఆ నవ్వుల వెనక పళ్లు ఎంత బిగించారో నా చోటు నుంచి బాగానే కనిపిస్తోంది. తర్వాత సీతారత్నం వంతు. ఇప్పుడు అబ్బాయి తల్లి లేవక్కర్లేదు. కానీ ఆవిడ అన్నిసార్లు లేచాక ఈవిడ ఒక్కసారీ లేవకపోతే పొగరంటారు. కాబట్టి వరహాలమ్మా లేచింది, ఇంకో నాలుగు ఎక్కువే లేచింది. సావడిలో చప్పట్లు.

"నొప్పి ఎంత ఉందో ఒకటి నుంచి పది లోపు చెప్పండి," అంది కుర్చీ.

"పర్లేదు," అంది వరహాలమ్మ.

"పర్లేదండి," అంది సీతారత్నం.

సావడిలో ఉన్న అందరి జవాబూ అదే. పర్లేదు అనే అంకె కుర్చీకి తెలియదు. నొప్పి లేదని వేసుకుంది.

షష్ఠి, సాయంత్రపు పాటు

లెక్కలు గోడ మీద వచ్చాయి. మా ఊళ్ళో కీళ్ల నొప్పులున్న వాళ్లెవరూ లేరని తేలింది, సున్నా గవర్రాజు తప్ప.

మొదట ఊరంతా సంబరమే. ఒకరి లెక్క ఒకరు చూసుకుని మెచ్చుకున్నారు. సీతారత్నం బెల్లం పంచింది. ఆ బెల్లం నోట్లో ఉండగానే జనం బుట్ట దగ్గరికి వెళ్లారు. చీటీలు చెల్లవని లోవరాజు చెప్పాడు. గవర్రాజు ఒక్కడే బుట్టలో నిలబడి, "మరి రండి, చోటుంది గదా" అంటూ కిందికి దిగిపోయాడు. ఆయన ముఖం చూడాల్సింది.

నేను మెట్లెక్కి వరహాలమ్మ ఇంటికి వెళ్లాను. మోకాలు మళ్లీ టక్కు. ఉప్పుగాలికి మెట్లు పాడయ్యాయి, ఎత్తులు సమంగా లేవు.

ఆవిడ మంచం మీద ఉంది. మోకాళ్లకి ఆముదపాకులు కట్టుకుంది. నిన్న అన్నిసార్లు లేచిన మనిషి ఇవాళ గ్లాసు మంచినీళ్ల కోసం లేవలేకపోయింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు కాబట్టి ఆవిడ మీదే చూపించాను.

"అన్నేసిసార్లు లేవడం ఎందుకండీ? చీటీ పోయింది. ఇప్పుడు రేవుకి ఎలా వెళ్తారు?"

ఆవిడ మోకాలి మీద ఆకుల కట్టు సర్దుకుంది. తర్వాత, "వలలన్నీ కిందే ఉన్నాయి కొలతమ్మా" అంది. "నా చోటు కింద. స్తంభం పక్కన. అక్కడ కూకుని నాలుగు ముళ్లు వేత్తే ఆ రోజు రోజులా ఉంటాది. కిందికి దిగకపోతే నేనీ మేడ మీద ఎండేసిన వడియాన్ని."

"పున్నమికి ఆఫీసరు వచ్చి లెక్కలు పట్టుకుపోతాడు. ఆలోపు మళ్లీ కొలవచ్చు. ఆ తర్వాత ఏడాది దాకా కుదరదు. ఈసారి ఉన్నదున్నట్టు లేవండి. నొప్పిగా ఉంటే ఆగండి, కుంటండి."

"సీతారత్నం చూత్తుండగానా?" అంది. "చీటీ పోతే పోయింది. నువ్వు చిన్నదానివి, నీకు తెలీదు."

నేను చిన్నదాన్నేమీ కాదు.

అష్టమి, మధ్యాహ్నం

అనుకున్నంతా అయింది. ఈ పొద్దున్న వరహాలమ్మ ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి రేవుకి వెళ్లింది. దిగడం దిగింది. వలల దగ్గర కూర్చుంది, నవ్వింది, నాలుగు ముళ్లు వేసింది. తిరిగి ఎక్కడం నడిమి అంతస్తు దాకానే సాధ్యమైంది. నేను వెళ్లేసరికి మెట్ల మలుపులో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ముఖమంతా చెమట.

"ఏమైందండీ?"

"ఏవవుతాది? గాలి బాగుందని కూకున్నాను."

అక్కడ గాలి లేదు, కిటికీ కూడా లేదు. అబద్ధమాడినా అందంగా ఆడే ఓపిక ఆవిడకి లేకపోయింది. పైకి తీసుకెళ్లడానికి బుట్టేమో చీటీ లేకుండా కదలదు.

అంతలో పక్కింటి తలుపు తీసుకుని సీతారత్నం బయటికి వచ్చింది. మలుపులో వియ్యపురాల్ని చూసింది. వరహాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మా ఇంటికే వత్తన్నారా వదినగారూ?" అంది సీతారత్నం. "ముందు చెబితే ఎదురొచ్చేదాన్ని గదండీ!"

"ఆయ్, మీ ఇంటికే. చాన్నాళ్లయింది చూసి," అంది వరహాలమ్మ.

సీతారత్నానికి నిజం తెలియకపోలేదు. తెలియనట్టు ఉండడం కూడా మర్యాదలో భాగమే.

నవమి, పొద్దుట

పైకి ఎక్కలేని అబ్బాయి తల్లి అమ్మాయి పుట్టింట్లో మకాం పెడితే ఎన్ని మర్యాదలు జరగాలో నాకు ఇవాళ తెలిసింది. వరహాలమ్మ గది దాటితే సీతారత్నం లేచి నిలబడాలి. సీతారత్నం నిలబడితే వరహాలమ్మ "కూకోండి" అనాలి. ఆవిడ కూర్చోకపోతే ఈవిడ నిలబడే ఉండాలి. ఒక్క పూటలో వీళ్లు లేచిన లేవడాలు కుర్చీ చూసిందంటే ఇద్దర్నీ పరుగు పందేలకి పంపిస్తుంది.

ఇద్దరి ముఖాలూ పీక్కుపోయాయి. వేరువేరుగా వంటింట్లో నా చెవిలో చెప్పింది మాత్రం ఒక్కటే మాట: "పాపం ఆవిడికి కాళ్లు బాలేవు, నాకోసం లెగొద్దని నువ్వైనా చెప్పు."

ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ నా మీదే కోప్పడ్డారు.

దశమి, సాయంత్రం

ఇవాళ ఒక ఉపాయం పన్నాను. ఎవరూ చూడనప్పుడు, కొలుస్తున్నారని తెలియనప్పుడు మనిషి ఎలా లేస్తాడో అదే అసలు కొలత. సావడి నుంచి కొలత చాప తెచ్చి, కొత్త చాపండీ, మీకోసమేనండీ అంటూ సీతారత్నం ఇంట్లో పరిచాను. వరహాలమ్మ దాని మీద కూర్చుంది. నేను తలుపు చాటున నిలబడ్డాను.

కాసేపటికి ఆవిడ లేవబోయింది. ముందు ఒక పక్కకి వాలింది, నేల మీద చెయ్యి పెట్టింది, ఊపిరి బిగబట్టింది. ఇదే నాకు కావలసింది. ఇదే నిజం. అని నేను అనుకుంటున్నంతలో చాప నోరు విప్పింది.

"శ్రీమతి వరహాలమ్మ గారూ, దయచేసి చేతులు రెండూ కట్టుకొని నిలబడండి."

ఆ తర్వాత నేను తిన్న తిట్లు దినచర్యలో రాయదగినవి కావు. "మనిషి లేవలేకపోతుంటే దొంగచాటుగా చూసేదానివా? మీ ఇంట్లో అదే నేర్పారా?" అని వరహాలమ్మ. "మా ఇంటికొచ్చిన మనిషికి ఇంత అవమానమా?" అని సీతారత్నం. ఇన్నాళ్లకి ఇద్దరూ ఒక మాట మీద నిలబడ్డారు. నిలబడలేక మళ్లీ కూర్చుని తిట్టారు.

వాళ్లన్నదే న్యాయం. నేను తల వంచుకుని వచ్చేశాను.

ఏకాదశి

వాళ్లకి ఉపవాసం. నాతో మాటల్లేవు. చెప్పులు మార్చాను. టక్కు పోలేదు.

ద్వాదశి, మధ్యాహ్నం

పొద్దున్నే నూకాలు వచ్చి, "వియ్యపురాళ్ళిద్దరూ నిన్ను భోజనానికి రమ్మన్నారు. తిట్టిన మనిషికి ద్వాదశి నాడు పెట్టకపోతే పుణ్యం దక్కదంట," అని చెప్పి పోయింది. వెళ్లాను. పైన తోటలో కాసిన పనసకాయతో పొట్టుకూర, ఆవ పెట్టి. నిమ్మకాయ పులిహోర. కొలత చాప ఇంకా అక్కడే పరిచి ఉంది.

"మంచి చాప. నోరెక్కువ గానీ మెత్తగా ఉంది," అంది సీతారత్నం.

ముగ్గురం దాని మీదే కూర్చుని తిన్నాం. గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎవరికి వాళ్లమే వడ్డించుకున్నాం. చాప కూడా ఏమీ అనలేదు. భోజనాలయ్యాక లేవాలి. నేను పక్కకి చూస్తూ కూర్చున్నాను, చూశానంటే మళ్లీ తిడతారు. సీతారత్నం గోడ కడ్డీ పట్టుకుని ముందు లేచింది. లేచి, ఏ ఆలోచనా లేకుండా, వియ్యపురాలికి చెయ్యి అందించింది.

"లెగండి వదినగారూ. చేతులు కడుక్కుందురు గాని."

వరహాలమ్మ అంతే ఆలోచన లేకుండా ఆ చెయ్యి పట్టుకుని లేచింది. పళ్లు బిగించలేదు. ముఖంలో పరువు పోయిన జాడే లేదు. చేతిలో చెయ్యి ఉంది, లేచింది, అంతే.

"చేయూత తీసుకున్నారు," అంది చాప. "లెక్క సున్నా."

ఇద్దరూ నా వైపు చూశారు. మళ్లీ తిట్లు మొదలయ్యేలోపు నేను నవ్వడం మొదలుపెట్టాను. ఎంత నవ్వానంటే ఎక్కిళ్లు వచ్చాయి, సీతారత్నం మంచినీళ్లు ఇవ్వాల్సి వచ్చింది.

"సున్నా అంటే చీటీ పోయినట్టు కాదండీ! సున్నా అంటే చీటీ ఉన్నట్టు! గవర్రాజు ఒక్కడే బుట్టలో తిరుగుతున్నాడు, ఎందుకనుకున్నారు?"

వరహాలమ్మ ముఖం ముడుచుకుంది. "నన్ను కూడా సున్నా వరహాలమ్మ అనమంటావా ఊరంతా?"

"వియ్యపురాలు మర్యాదకి చెయ్యిస్తే వద్దంటారా మీరు?"

"ఎలా వద్దంటాను? ఆవిడికి అవమానం గదా."

"మరి సావడిలో ఆవిడ చెయ్యిస్తే?"

వరహాలమ్మ సీతారత్నాన్ని చూసింది. సీతారత్నం చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "నలుగురి ముందూ చెయ్యివ్వకపోతేనే నాకు మాటొత్తాది వదినగారూ," అంది.

మోసమేమీ లేదు ఇందులో. సాయం లేకుండా లేచిన ఆ ఒక్క పూటకి ఈవిడ రెండు రోజులు మంచం పట్టింది. అదీ ఒక లేవడమేనా? చాప వేసిన సున్నాయే సరైన లెక్క.

చతుర్దశి

ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెప్పాను: రేపు సావడికి ఒక్కరూ ఒంటరిగా రావద్దు, పక్క మనిషికి మర్యాద చెయ్యడం మర్చిపోవద్దు. ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

పౌర్ణమి, పొద్దుటి పోటు

ఆఫీసరుగారు వచ్చారు. భారీ మనిషి. మళ్లీ కొలత పెడతానంటే వాచీ చూసుకుని సరేనన్నారు.

జనం మొన్నటి లాగే పట్టుచీరల్లో వచ్చారు. కర్రలు మళ్లీ గుమ్మం బయటే. ముందుగా వరహాలమ్మ కూర్చుంది. కుర్చీ "నిలబడండి" అనగానే సీతారత్నం వెళ్లి చెయ్యి చాచింది. "రండి వదినగారూ." వరహాలమ్మ చెయ్యి పట్టుకుని మహారాణిలా లేచింది.

"లెక్క సున్నా," అంది కుర్చీ.

ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి గవర్రాజు మాత్రం, "వచ్చారా నా దారికి," అన్నాడు. నూకాలు ఆయన డొక్కలో పొడిచింది.

తర్వాత సీతారత్నానికి వరహాలమ్మ చెయ్యిచ్చింది. తర్వాత వరసగా తోడికోడళ్లకి తోడికోడళ్లు, బావలకి బావమరదులు, ఇరుగుకి పొరుగు. సున్నా, సున్నా, సున్నా. కుర్చీ గొంతులో మొదటిసారి విసుగు వినిపించింది, లేదా నాకలా అనిపించింది.

"ఇదేమిటమ్మా?" అన్నారు ఆఫీసరుగారు. "మొన్నటి లెక్కలు ఇంత బాగున్నాయి. ఇప్పుడు అందరూ చేతులు పట్టుకుంటున్నారు. కుర్చీలో ఏదో లోపం ఉంది."

"కుర్చీ లెక్కే ఆఖరి మాటని మీ నియమం కదండీ?"

"అనుకో. కానీ వీళ్లు ఒంటరిగా లేవగలరు. నా దగ్గర రుజువుంది."

అప్పుడు నాకు నిజంగానే మండింది. "లేవగలరండీ. ఒక్క పూట. పది మంది చూస్తుంటే ప్రాణం పోయినా లేస్తారు. ఆ మర్నాడు వచ్చి చూశారా మీరు? మంచినీళ్లకి లేవలేని మనిషిని నేను చూశాను. మెట్ల మలుపులో కూర్చుని గాలి బాగుందని అబద్ధమాడిన మనిషిని చూశాను. వాళ్లు రోజూ ఎలా లేస్తారో ఇవాళ కుర్చీ చూసింది. రాసుకోండి."

ఆఫీసరుగారు కుర్చీ లోపం ఏదో చూద్దామని దాని ముందు గొంతుక్కూర్చుని అడుగున తొంగి చూశారు. తీగలన్నీ బాగానే ఉన్నాయి. లేవబోయారు. లేవలేదు. ఒక చెయ్యి గాల్లోకి వచ్చింది. గవర్రాజు టక్కున వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని లాగాడు.

"లెగండి బాబూ. మర్యాదకేనండి."

ఆఫీసరుగారు లాల్చీ దులుపుకున్నారు. సావడి అంతా పైకప్పు వైపు చూస్తోంది. ఆయన కాగితం తీసి సంతకం పెట్టారు. అందరికీ ఏడాది పాటు చీటీలు. వరహాలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, గంధం కళ్లలో పడిందంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆఫీసరుగారు వెళ్తూ వెళ్తూ, "కొలతరి కొలత కూడా తీసుకోవాలి. నియమం," అన్నారు.

"శ్రీమతి సత్యవేణి గారూ, దయచేసి కూర్చోండి," అంది కుర్చీ. ద్రోహి.

కూర్చున్నాను. చేతులు కట్టుకున్నాను. మొదటిసారి బాగానే లేచాను. రెండోసారి సగంలో ఎడమ మోకాలు టక్కుమంది. సావడి చివరి దాకా వినిపించింది. నేను సగంలోనే ఆగిపోయాను, పైకీ లేను, కిందికీ రాను.

వరహాలమ్మ ముందుకి వచ్చి చెయ్యి చాచింది.

"పర్లేదండి," అన్నాను. "కొత్త చెప్పులు. అందుకని."

ఆవిడ నా పాదాల వైపు చూసింది. అందరూ చూశారు. నా చెప్పులు గుమ్మం బయట, కర్రల పక్కన ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచే?" అంది వరహాలమ్మ, మెల్లగా.

చెయ్యి పట్టుకున్నాను. వల తాళ్లు పట్టి పట్టి ఆ చెయ్యి గరుగ్గా ఉంది, వేడిగా ఉంది. లేవడం ఇంత సులువని నాకు తెలియదు.

"చేయూత తీసుకున్నారు. లెక్క సున్నా. నొప్పి ఎంత ఉందో ఒకటి నుంచి పది లోపు చెప్పండి."

పర్లేదు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"ఆరు," అన్నాను.

నిలువూళ్ళో ఆ ప్రశ్నకి అంకె చెప్పిన మొదటి మనిషిని నేనే.

"ఆరేనా?" అంది వరహాలమ్మ. "ఒసే, నాది ఎనిమిది."

"అయ్యో, నాకూ ఎనిమిదేనండి వదినగారూ," అంది సీతారత్నం. "వానొచ్చే రోజుల్లో ఎనిమిదిన్నర."

"అలాగనుకుంటే నాకు వానొచ్చినా రాకపోయినా తొమ్మిది."

"అమ్మాయి తల్లిని, మీకంటే ఎక్కువ చెప్పకూడదు గానీ, పొద్దుటి పూట నాదీ తొమ్మిదే."

వెనక నుంచి గవర్రాజు పది అన్నాడు. నీకు పదేంటి, నిన్ను లాగే నా భుజానికి పది అంది నూకాలు. ఇక ఎవరి గోల వాళ్లది. అందరూ ఒకేసారి అంకెలు చెబుతుంటే కుర్చీ ఏ ఒక్కటీ వదలకుండా వేసుకుంటోంది. ఆఫీసరుగారు పడవ వేళయిందని చెప్పినా వినే వాళ్లెవరూ లేరు.

పోటు నిండుగా ఉంది. లోవరాజు బుట్ట తలుపు తీసి పట్టుకున్నాడు. వియ్యపురాళ్ళిద్దరూ అక్కడా మొదలుపెట్టారు, ముందు మీరెక్కండి, కాదు ముందు మీరని. పోటు తగ్గిపోతోందని లోవరాజు మొత్తుకున్నాడు. నేను ఇద్దరి చేతులూ చెరోవైపూ పట్టుకుని మధ్యలో లోపలికి నడిచాను. ముగ్గురం ఒకేసారి ఎక్కాం.

కింద స్తంభం పక్కన వరహాలమ్మ చోటు ఖాళీగానే ఉంది. సీతారత్నం ఆవిడని చెయ్యి పట్టి దింపి కూర్చోబెట్టింది. తానూ పక్కనే చతికిలబడింది. చిరిగిన వల ఒకటి నా ఒళ్లోకి కూడా వచ్చి పడింది. మధ్యాహ్నం దాకా ముళ్లు వేశాం. లేచేటప్పుడు ముందు ఎవరు ఎవరికి చెయ్యివ్వాలో తేలక చాలాసేపు అక్కడే కూర్చున్నాం.